పటాలంపాడు జ్వరం

నలభై మూడు రోజులుగా పటాలంపాడు ఆడవాళ్లు మండలాఫీసు ముందు టార్పాలిను కింద కూర్చుని ఉంటే, నలభై మూడో రోజున ఎమ్మెల్యేగారికి తీరిక దొరికింది. ఆయన కారు దిగి, జంపఖానా మీదికి వచ్చేముందు చెప్పులు విప్పాలా వద్దా అని ఒక్క క్షణం ఆలోచించి, విప్పకుండానే వచ్చేశాడు. వెనకాల సైన్యం తాలూకు అధికారి ఒకాయన, ఆయన వెనక ఓ పెద్ద అట్టపెట్టె. పెట్టె నిండా ఎర్ర ముఖమల్ డబ్బీలు.

"అమ్మలారా, మీ బాధ ప్రభుత్వానికి తెలుసు," అన్నాడు ఎమ్మెల్యే. "మీకు కావలసింది మీ పిల్లల క్షేమం. ఇదుగోండి, క్షేమం. డబ్బీల్లో పెట్టి మరీ తెచ్చాం."

"మాకు కావాల్సింది పిల్లలండీ," అంది తాయారమ్మ ముందు వరసలోంచి. "ఆళ్లని తెచ్చి ఇచ్చెయ్యండి. క్షేమం సంగతి మేం చూసుకుంటాం."

ఆడవాళ్లు నవ్వారు. ఎమ్మెల్యే కూడా నవ్వాడు. తనను వెక్కిరించినప్పుడు నవ్వడం ఆయనకు బాగా అలవాటు.

సముద్రాలకు అవతల ఇసక తప్ప మరేమీ లేని దేశంలో ఎవరెవరో కొట్టుకుంటున్నారు. అందులో ఒకడు మనకు మిత్రుడట. మిత్రుడికి సాయంగా నూట ముప్పై మంది దళాన్ని పంపారు. అందరూ పటాలంపాడు, చుట్టుపక్కల ఎనిమిది ఊళ్ల పిల్లలే. దాన్ని యుద్ధం అనకూడదని ఢిల్లీలో తీర్మానించుకున్నారు. 'శాంతి సహాయం' అనాలట. ఆ సహాయం చెయ్యడానికి తాయారమ్మ ఒక్కగానొక్క కూతురు పుష్కర నీళ్ల లారీ తోలుతోంది.

అధికారి డబ్బీ తెరిచి శనగగింజంత పూసను పైకెత్తాడు. "దీన్ని జతపూస అంటారు. ఒకే స్ఫటికాన్ని రెండుగా కోశాం. ఒక ముక్క మీవాళ్ల మెడ వెనక, చర్మం కింద ఉంది. రెండోది ఇది. మధ్యలో ఎన్ని సముద్రాలున్నా రెండింటి వేడీ ఒక్కటే. మీ బిడ్డ వెచ్చదనం మీ అరచేతిలో."

పుష్కర పేరున్న డబ్బీ తాయారమ్మకు అందింది. ఆమె ఆ పూసను అరచేతిలో పట్టుకోలేదు. కళ్లు మూసుకుని కుడికంటి రెప్పకు ఆనించుకుంది. ఇరవై ఆరేళ్లుగా కోళ్ల హేచరీలో ఆమె పని అదే. పొదిగే మెషిన్లకు మీటర్లున్నా, ట్రేలోంచి ఒక గుడ్డు తీసి రెప్పకు ఆనించి, అర డిగ్రీ తేడాను కూడా పసిగట్టేస్తుంది.

"తొంభై ఎనిమిదిన్నర," అంది మెల్లగా. "నా పిల్ల నీడపట్టునే ఉంది."

ఆ మాట అంటుండగా కన్నీళ్లు వచ్చాయి. సరిగ్గా అప్పుడే ఎమ్మెల్యే మనిషి ఫొటో తీశాడు. మర్నాడు పేపర్లో 'ఆనందబాష్పాలు' అని వేశారు.

మర్నాటి నుంచి శిబిరం సగానికి సగం ఖాళీ. పూస దొరికినవాళ్లు ఇంట్లోనే కూర్చుని దాన్ని నిమురుకుంటున్నారు. ఏ దేశంలో ఏం జరుగుతోందో తెలియకపోయినా, ఆడవాళ్లను ఇళ్లకు పంపించడం మాత్రం ఆ ప్రభుత్వానికి బాగా తెలుసు.

తాయారమ్మ మొగుడు గణపతిరావు మాత్రం మొదటినుంచీ శిబిరం వైపు చూడలేదు. సైన్యంలో హవల్దారుగా చేసి వచ్చినవాడు. సైకిలు మీద మండలాఫీసు దాటేటప్పుడు మొహం పక్కకు తిప్పుకునేవాడు.

"దళాన్ని వెనక్కి పంపమని అడగడం దళానికే అవమానమే," అనేవాడు అన్నం ముందు కూర్చుని.

"అవమానం పడ్డా మనుషులు మిగుల్తారు కదండీ," అనేది తాయారమ్మ, మజ్జిగ పోస్తూ.

రెండు నెలల్లో నాలుగు పూసలు చల్లబడ్డాయి. నాలుగిళ్లవాళ్లూ అర్జీలు పెట్టారు. జవాబు వచ్చింది: గోదావరి జిల్లాల గాలిలో తేమ ఎక్కువ, దానివల్ల పూసలు చెడిపోయాయి, దళంలో అందరూ క్షేమం. ఆ తేమ సరిగ్గా ఆ నాలుగిళ్లలోకే ఎలా దూరిందో రాయలేదు. ఆ నాలుగిళ్లకూ ఫోన్లు రావడం మాత్రం ఆగిపోయింది. దాంతో ఆడవాళ్లు ఒక్కొక్కరే మళ్లీ టార్పాలిను కిందికి వచ్చారు.

పుష్యమాసంలో ఒక బుధవారం పొద్దున్న, పనిలోకి వెళ్లగానే తాయారమ్మ పూసను రెప్పకు ఆనించి చూసింది. తొంభై ఏడు కూడా లేదు. ఇసక దేశంలో చలికాలం ఎముకలు కొరికేస్తుందని పిల్ల ఫోన్లో చెప్పింది. ఎదురుగా, నీరసంగా పుట్టిన కోడిపిల్లలను వేసే పెట్టె ఉంది. పైన బల్బు వెలుగుతోంది. ముడుచుకుపోయిన పిల్లను తీసి బల్బు కింద పెట్టడం ఆమె చేతులకు ఎంత అలవాటంటే, ఆ చేతులే పూసను కూడా తీసి కోడిపిల్లల మధ్య పెట్టేశాయి. పని ముగిసి, మళ్లీ తీసి కొంగున ముడేసుకునేదాకా ఆ సంగతి ఆమెకు గుర్తే లేదు.

మధ్యాహ్నం శిబిరానికి వెళ్లేసరికి సత్తెమ్మ పిడికిలి బిగించి కూర్చుంది. సత్తెమ్మ కొడుకు నూకరాజు కూడా దళంలో డ్రైవరే.

"తాయారూ, ఇది చూడవే. ఇందాకటిదాకా బాగానే ఉంది. నా చెయ్యే చల్లబడిందేమో."

తాయారమ్మ దాన్ని రెప్పకు ఆనించింది. నీళ్ల కుండకు ఎంత చల్లదనం ఉంటుందో పూసకూ అంతే ఉంది.

"తేమేమో ఒదినా," అంది.

ఆ మాట అన్నాక తన నోరు తనకే రోతగా అనిపించింది. ఢిల్లీ నుంచి వచ్చిన అబద్ధాన్ని తానే మోసుకొచ్చి సత్తెమ్మ చేతిలో పెట్టింది.

ఆదివారం పుష్కర ఫోన్ చేసింది. వారానికి పది నిమిషాలు. అటుపక్క ఎవడో వింటూ ఉంటాడు.

"అమ్మా, బుధవారం ఉన్నట్టుండి జ్వరం కొట్టేసిందే. నూటరెండు. డాక్టరు బండెక్కనివ్వలేదు. సాయంత్రానికల్లా ఏమీ లేదు, చేత్తో తీసేసినట్టు పోయింది. ఆయనకే ఆశ్చర్యం."

"మరి నీళ్ల లారీ?"

పుష్కర గొంతు తగ్గించింది.

"నూకరాజు తీసుకెళ్లాడమ్మా. దారిలో..."

లైను తెగిపోయింది. అదే తెగిందో, ఎవరైనా తెంపారో.

పూస విషయం తేల్చుకోవాలంటే దాన్ని చేసినవాణ్నే అడగాలి. ఉద్యమం తరఫున అయిదుగురు ఆడవాళ్లు శాస్త్రవేత్తను కలుస్తామని అర్జీ పెట్టి అప్పటికి ఆరు వారాలైంది. చివరికి, పేపర్లో రాయించుకోవడానికి పనికొస్తుందనుకున్నారో ఏమో, రమ్మన్నారు.

పరిశోధనశాల ఊరికి దూరంగా కొండమీద ఉంది. డాక్టర్ శేషశయనం అద్దాల గదిలో నిలబడి ఆడవాళ్లను చూసి, చంటిపిల్లలతో మాట్లాడినట్టు మాట్లాడాడు. ఒక బల్ల మీద పూస, దానికి తీగ, తీగకు మీటరు. ఇంకో బల్ల మీద జత పూస, దానికీ మీటరు. అతను మొదటిదాన్ని దీపం మీద పెట్టాడు. రెండోదాని ముల్లు లేచింది.

"చూశారా? సైనికుడి దగ్గర వేడి పెరిగితే మీ దగ్గరా పెరుగుతుంది."

"మరి ఇక్కడ కాలిత్తే అక్కడ కాలదాండీ?" అంది తాయారమ్మ.

శేషశయనం పక్కనున్న అధికారి వైపు చూసి చిరునవ్వు నవ్వాడు. "అద్దంలో మీరు కనిపిస్తారమ్మా. అద్దం మిమ్మల్ని చూడదు. ఇదీ అంతే. మీరు గుడ్ల సంగతి చూసుకోండి. శాస్త్రం సంగతి మాకు వదిలెయ్యండి."

మంత్రిగారి ఆఫీసు నుంచి ఫోన్ వస్తే అతను వంగి వంగి మాట్లాడుతూ బయటికి వెళ్లాడు. అధికారి వెంట నడిచాడు. గదిలో ఆ అయిదుగురూ, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ ఒక టెక్నీషియనమ్మా మిగిలారు. తాయారమ్మ చేతిలో గవర్నమెంటు ఇచ్చిన టీ ఉంది. రెండో బల్ల మీది పూసను తీసి టీలో ముంచింది. మొదటి బల్ల మీద మీటరు ముల్లు గబగబా పైకెక్కింది.

టెక్నీషియనమ్మ చూసింది. అరవలేదు, ఎవరినీ పిలవలేదు. దగ్గరికి వచ్చి పూసను టీలోంచి తీసి తుడిచి, యథాస్థానంలో పెట్టింది.

"పూస ఉండేది మెదడుకు వెళ్లే రక్తం పక్కనమ్మా," అంది గొంతు తగ్గించి. "పూస వేడెక్కితే ఒళ్లు తనంతట తానే జ్వరం తెచ్చుకుంటుంది. నూట నాలుగు దాటనివ్వకండి. కోతులు తట్టుకోలేదు."

తాయారమ్మ ఆవిడ మొహం వంక చూసింది. అంటే, కోతుల దాకా వెళ్లారు. అన్నీ తెలుసు. తెలిసే ముఖమల్ డబ్బీల్లో పెట్టి పంచారు.

ఊరికొచ్చాక ఆమె నేరుగా సత్తెమ్మ ఇంటికి వెళ్లింది. సత్తెమ్మ పెరట్లో కత్తిపీట ముందు కూర్చుని చేప పొలుసు తీస్తోంది. తాయారమ్మ ఎదురుగా గొంతుక్కూర్చుని, బల్బు పెట్టె నుంచి టీ గ్లాసు దాకా ఏదీ దాచకుండా చెప్పింది. సత్తెమ్మ చెయ్యి ఆగలేదు. పొలుసులు ఎగిరి ఇద్దరి చీరల మీదా పడుతున్నాయి.

"అయితే నీ పిల్లని నువ్వు దించావు. నా పిల్లోడు ఎక్కాడు."

"అవునొదినా."

"తెలిసి చేశావా?"

"లేదు."

"తెలిసుంటే?"

తాయారమ్మకు అబద్ధం చెప్పే ఓపిక లేదు. "తెలిసున్నా చేసేదాన్నొదినా."

సత్తెమ్మ చేపను పళ్లెంలో పడేసింది. చీర మీది పొలుసులు ఒక్కొక్కటే దులుపుకుంది.

"నీ మొహం చూడాలని లేదు నాకు," అంది చివరికి. "కానీ ఈ ఏడాదిలో నాతో నిజం చెప్పిందానివి నువ్వొక్కదానివే. మళ్లీ దించుతావా నీ పిల్లని?"

"దించితే ఇంకొకడు ఎక్కుతాడు. దించితే అందర్నీ ఒక్కసారే దించాలి. ఎక్కడానికి మనిషన్నవాడు మిగలకూడదు."

సత్తెమ్మ లేచి చేతులు కడుక్కుంది. రానన్లేదు, వస్తాననీ అన్లేదు.

వారం తిరక్కుండా సైన్యం నుంచి ఆమెకు ఉత్తరం వచ్చింది. ఇంగ్లీషులో ఉంది కాబట్టి గణపతిరావు దగ్గరికి తెచ్చింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని, మొదటి వాక్యం చదివి, రెండోది చదివి, ఆగిపోయాడు.

"ఏటండీ రాశారు?"

"నూకరాజు... డ్యూటీ వదిలేసి పారిపోయాడంట."

చచ్చిపోయాడని రాస్తే దళంలో చావు ఉన్నట్టు ఒప్పుకోవాలి. పారిపోయాడని రాస్తే ఏ గొడవా లేదు. సత్తెమ్మ ఏడవలేదు. పకపకా నవ్వి, వీధిలో ఉమ్మేసి వెళ్లిపోయింది. గణపతిరావు ఆ కాగితాన్ని మొదటినుంచీ ఇంకోసారి చదివాడు. పూస సంగతి తాయారమ్మ కొండమీంచి వచ్చిన రోజే ఆయనకు చెప్పింది గాని, అప్పుడు ఆయన పట్టించుకోలేదు. ఆ సాయంత్రం సైకిలు వేసుకుని నేరుగా హేచరీకి వచ్చాడు. పెళ్లాం పనిచేసే చోటికి ఆయన రావడం ఇరవై ఆరేళ్లలో అదే మొదటిసారి.

"నూట ఒకటి దాటితే డ్యూటీ ఉండదే," అన్నాడు గుమ్మంలో నిలబడే. "మూడు రోజులు తగ్గకపోతే పెద్దాసుపత్రి. దళంలో సగం మంది పడుకుంటే అది అంటురోగం కింద లెక్క. అంటురోగం వస్తే దళాన్ని అక్కడుంచరు. అది రూలు. తుపాకీ దెబ్బలకి ఎవర్నీ వెనక్కి పిలిపించలేదు నా సర్వీసులో. విరేచనాలకి మాత్రం ఓ పటాలం మొత్తాన్ని పిలిపించారు."

"ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"దేశభక్తి అడ్డొచ్చింది," అన్నాడు. ఆ మాట మీద ఆయనకే అసహ్యం వేసినట్టు మొహం పెట్టాడు.

హేచరీ యజమాని మేనల్లుడు కూడా ఆ దళంలోనే ఉన్నాడు. ఆయన ఒక్క ప్రశ్న కూడా వేయకుండా, వెనక షెడ్లో ఖాళీగా ఉన్న పాత పొదుగు మెషిన్ తాళంచెవి ఇచ్చాడు. తొమ్మిది ఊళ్ల నుంచీ ఆడవాళ్లు కొంగుల్లో, కాఫీ పొడి డబ్బాల్లో, జాకెట్లలో పూసలు దాచి తెచ్చారు. చల్లబడినవి పోను నూట పాతిక. ప్రతి పూసకూ చిన్న ప్లాస్టరు ముక్క, దాని మీద పేరు. గుడ్లుండే గుంటల్లో ఒక్కొక్కటీ పెడుతూ ఆడవాళ్లు, చంటివాణ్ని ఉయ్యాల్లో వేస్తున్నట్టు చెయ్యి వెంటనే తీయలేకపోయారు.

"మావాడికి చిన్నప్పుడు జ్వరం వత్తే ఫిట్సు వచ్చేయమ్మా," అంది ఒకావిడ.

తాయారమ్మ ఆ పూసను తీసి ఆమెకు తిరిగి ఇచ్చేసింది. అలా ఇంకో ముగ్గురు వెనక్కి తీసుకున్నారు. ఆమె ఎవరినీ ఒక్క మాట అనలేదు. తలుపు మూసి మెషిన్ను నూటరెండు మీద పెట్టింది. గంటగంటకూ ఒక్కో ట్రే లాగి, ఒక్కో పూసనూ రెప్పకు ఆనించి చూస్తూ కూర్చుంది. మొదటి రోజు మధ్యాహ్నం షెడ్డు గుమ్మంలోకి సత్తెమ్మ వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా రెండో స్టూలు లాక్కుని కూర్చుంది. తాయారమ్మ రెప్పలు మంటలెత్తినప్పుడల్లా తడిగుడ్డ అందించేది.

రెండో రోజు పది గంటల వేళ తాయారమ్మ ఒక పూసను ఆనించుకుని ఉలిక్కిపడింది. మళ్లీ ఆనించింది. మెషిన్ నూటరెండు దగ్గరే ఉంది. పూస నూటమూడున్నర ఉంది. ఆ పైవేడి మెషిన్‌ది కాదు, మనిషిది. ప్లాస్టరు మీద పేరు చూడక్కర్లేదు, పుష్కర అని తానే రాసింది.

"తీసెయ్యవే!" అన్నాడు గణపతిరావు. అన్నిటికీ రూలు చెప్పే మనిషికి ఏ రూలూ గుర్తు రాలేదు. "తీసి నీళ్లలో పడెయ్యి!"

"పడేత్తే మధ్యాహ్నానికి తగ్గిపోతాది. దళం మొత్తానికీ జ్వరం లేని డ్రైవరు అదొక్కర్తే అవుతాది. ఎవర్ని ఎక్కిత్తారండీ అప్పుడు లారీ?"

ఆయన గిన్నెలో నీళ్లు పారబోసి, చల్లటివి పట్టుకొచ్చాడు.

తాయారమ్మ సత్తెమ్మ వైపు చూసింది. సత్తెమ్మకు ఆ క్షణంలో ఏ మాటయినా అనే హక్కుంది. గుడ్డను నీళ్లలో ముంచి పిండి చాపింది, అంతే.

తాయారమ్మ పూసను ఆ గుడ్డలో చుట్టింది, విప్పి రెప్పకు ఆనించింది, నోట్లో వేసుకుని నాలుక కింద పెట్టుకుంది, మళ్లీ ఆనించింది. నూట మూడు. నూట రెండున్నర. నూట ఒకటికి దిగబోతుంటే మళ్లీ మెషిన్లో పెట్టింది. అర డిగ్రీ అటయితే పిల్ల పోతుంది, ఇటయితే పిల్ల లారీ ఎక్కుతుంది. ఆ రోజూ, మర్నాడు మధ్యాహ్నం దాకా ఆమె అన్నం ముట్టలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. నాలుక కింద కూతురును పెట్టుకుని మాట్లాడడం కుదరదు.

నాలుగో రోజు టీవీలో చెప్పారు. దళంలో తెలియని జ్వరం. విదేశీ డాక్టర్లకు కూడా అంతుపట్టని ఎడారి రోగం. అయిదో రోజు మంత్రి తెర మీదికి వచ్చి, మానవతా దృక్పథంతో, ఎవరి ఒత్తిడీ లేకుండా, తన సొంత నిర్ణయంగా దళాన్ని వెనక్కి పిలిపిస్తున్నానని ప్రకటించాడు. మధ్యలో గొంతు గద్గదం చేసుకున్నాడు. శేషశయనం కూడా మాట్లాడాడు. జతపూసల వల్లే జ్వరాన్ని ముందుగా గుర్తించగలిగామనీ, ఇది భారతీయ శాస్త్ర విజయమనీ చెప్పాడు. షెడ్లో ఆ మాట విన్నప్పుడు తాయారమ్మకు కోపం కూడా రాలేదు. పుచ్చిన గుడ్డు పగిలినప్పుడు చేసినట్టు ముక్కు మూసుకుంది.

దళం బస్సుల్లో దిగింది. ఇద్దరిని స్ట్రెచర్ల మీద దించారు. పుష్కర నడిచే వచ్చింది గాని, ఎడమ పక్క నుంచి పిలిస్తే పలకలేదు. జ్వరానికి ఆ చెవి పోయింది. ఎమ్మెల్యే దండలు వేశాడు, ఈసారి కూడా చెప్పులతోనే. వచ్చినవాళ్ల పేర్లన్నీ చదివారు. పోయిన అయిదుగురి పేర్లూ చదవలేదు. తాయారమ్మ కూతురును కుడిపక్కకు తిప్పుకుని, బల్బు పెట్టె సంగతి ఆ చెవిలో చెప్పింది. పుష్కర విని, తల్లి చెయ్యి విడిపించుకుని, నేరుగా వెళ్లి సత్తెమ్మ కాళ్ల దగ్గర నేల మీద కూర్చుంది.

పదిరోజులకు పేపర్లో లోపలి పేజీలో నాలుగు వాక్యాలు పడ్డాయి. శాంతి సహాయం కొనసాగుతుంది. పాత దళం స్థానంలో ఉత్తరాదిన ఒక కొండ జిల్లా నుంచి కొత్త దళం వెళ్తుంది. కుటుంబాలకు యథావిధిగా జతపూసలు ఇస్తారు. పూసకు రెండువైపులా వేడి నడుస్తుందని ఒప్పుకోవాలంటే శేషశయనం తప్పొప్పుకోవాలి, శేషశయనం ఒప్పుకుంటే మంత్రి ఒప్పుకోవాలి. అందుకని ఎవరూ ఒప్పుకోలేదు.

తాయారమ్మ ఆ పేపరు పట్టుకుని మండలాఫీసుకు వెళ్తే టార్పాలిను విప్పేస్తున్నారు.

"మన పిల్లలు వచ్చేశారు కదండీ ఇంకేటి?" అంది ఫిట్సు పిల్లాడి తల్లి. "ఎవరో కొండల్లో వాళ్ల గురించి మనకెందుకండీ?"

"అవున్లే," అంది తాయారమ్మ. "ఢిల్లీలో వాళ్లూ మన గురించి ఇదే అనుకున్నారు. నువ్వు కూడా ఓ కుర్చీ ఏయించుకుని కూకో, ఆళ్ల పక్కన."

అందరూ మొహాలు దించుకున్నారు గాని, తాళ్లు విప్పడం ఆపలేదు.

రెండు రోజుల తర్వాత రైల్వే స్టేషన్లో, ఆ కొండ జిల్లాకు పోయే బండి కోసం తాయారమ్మ చేతిసంచితో నిలబడింది. పక్కన గణపతిరావు ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు. హిందీ వచ్చినవాడు ఆయనొక్కడే. బండి కూత వినిపించేసరికి ప్లాట్‌ఫారం మీదికి సత్తెమ్మ వచ్చింది. చంకలో దుప్పటి, చేతిలో అన్నం మూట.

"నువ్వెందుకొదినా?" అంది తాయారమ్మ. "నీకింకేం మిగిలిందని?"

"అందుకే వత్తన్నాను," అంది సత్తెమ్మ. తాయారమ్మ మొహం వైపు చూడకుండానే, బండి ఆగగానే ఎక్కి, మూటను బల్ల కిందికి తోసి కిటికీ పక్కన కూర్చుంది.

బండి కదిలాక గణపతిరావు జేబులోంచి కాగితం తీసి, హిందీలో ఏం చెప్పాలో రాసుకోవడం మొదలుపెట్టాడు. "ముందు డిగ్రీల సంగతి చెప్పనా, రెప్ప సంగతి చెప్పనా? ఆళ్లకి అర్థమవ్వాలి కదా."

"ముందు నా కొడుకు సంగతి చెప్పండన్నయ్యా," అంది సత్తెమ్మ. "ఒక్కళ్ల పిల్లని దించుకుంటే ఎవడు ఎక్కుతాడో అది చెప్పండి. జ్వరం సంగతి ఆ తర్వాత."